భాగ్యనగరమున హృదయపరిశోధనము

మహాసభా సంచికకు చరిత్రవిషయ మొకటి వ్రాయవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. వంశచరిత్రలు వ్రాయగల పెద్దలు మనలో పలువురు కలరు. మాకు మాత్రము మా నవాబుపేటలో మరణించిన పూర్వవిద్యార్థి యొకడు మనస్సున మెదలుచున్నాడు. నలుబదియైదేండ్లవాడు, రొమ్మునొప్పిని వాయువని తలచి, ఓమనీరు త్రాగి పరుండెను. తెల్లవాఱకముందే పోయెను. హైదరాబాదునకు చేర్చుటకైనను వ్యవధి లేకపోయెను.

హృదయము ప్రధానమర్మములలో నొకటియని చరకసంహిత చెప్పుచున్నది. ఆ మర్మమును గూర్చి హైదరాబాదున నూఱేండ్లకు పూర్వమే గొప్ప పరిశోధనము జరిగినదని మనవారిలో నెందఱెఱుగుదురు?

1846లో అచ్చట వైద్యపాఠశాల యేర్పడెను. తరువాత దాని కధ్యక్షుడైన ఎడ్వర్డు లారీ దొర, శస్త్రచికిత్సలో మత్తునకిచ్చు క్లోరోఫారము వలన రోగి మరణించినచో, ముందు ఆగునది శ్వాసయా, గుండెయా యను ప్రశ్నను చేపట్టెను. 1888లో జంతువులపై పరీక్షలు జరిపి, శ్వాసయే యని తేల్చెను. లండనులోని లాన్సెట్ పత్రిక దానిని నమ్మలేదు. అంతట ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్‌గారు వేయి పౌనులిచ్చి, ఆ పత్రికవారి ప్రతినిధిని రప్పించిరి. 1889లో వచ్చిన లాడర్ బ్రంటన్ సామాన్యుడు కాడు. గుండెనొప్పికి అమైల్ నైట్రైటు పనిచేయునని 1867లో లోకమునకు తెలిపినవాడు. ఆయనయు పరీక్షలు చూచి లారీతో నేకీభవించెను. శ్వాసను కనిపెట్టిన చాలును, నాడిని చూడనక్కఱలేదని నిర్ణయమయ్యెను.

ఆ నిర్ణయము తప్పు. 1911లో లీవీ యను ఆంగ్లవైద్యుడు, క్లోరోఫారము మత్తు పలుచగా నున్నపుడే గుండె గతితప్పి హఠాత్తుగా నిలిచిపోవచ్చునని నిరూపించెను. లారీ ఎడిన్‌బరో నగరమున సైమ్ అను గురువు కడ చదివినవాడు. శ్వాసను చూడుమన్నది ఆ గురువు బోధయే. గురుభక్తి మంచిదే, కాని పరీక్షాశాలలో దానికి ఆసనము వేయరాదు. మాకు తోచునదేమనగా, ఆ సంఘము తాత్కాలికము. పని ముగియగనే చెదరెను. తన తప్పును తానే దిద్దుకొనుటకు అచ్చట స్థిరమైన పీఠము మిగులలేదు.

అట్టి పీఠము చాలకాలమునకు గాని రాలేదు. నిజాము ధర్మనిధి ధనముతో పంజాగుట్టలో 1964లో ఎముకల వైద్యశాల ప్రారంభమయ్యెను. అదియే క్రమముగా పెరిగి, 1989 నాటి శాసనముచే విశ్వవిద్యాలయ ప్రతిపత్తిగల నిజాము వైద్యవిజ్ఞానసంస్థ, అనగా అందఱునెఱిగిన నిమ్స్, ఆయెను. హృద్రోగవైద్యము, గుండె రక్తనాళముల శస్త్రచికిత్స అచ్చట బోధనాశాఖలైనవి. 1990ల దశకమున ఈ నగరముననే క్షిపణిశాస్త్రజ్ఞుడు అబ్దుల్ కలాముగారును, హృద్రోగవైద్యుడు సోమరాజుగారును కలిసి, మూసికొనిపోవు ధమనిని తెఱచియుంచు స్టెంటును తక్కువ వెలకు నిర్మించిరి. క్షిపణుల లోహవిద్య రోగి గుండెకు పనికివచ్చినది!

52 దేశములలో జరిగిన ఇంటర్‌హార్టు పరిశోధనమున, దక్షిణాసియావాసులకు తొలి గుండెపోటు ఇతరులకంటె అయిదాఱేండ్లు ముందుగా వచ్చుచున్నట్లు తేలినది. మా విద్యార్థి కంతకంటెను ముందే వచ్చెను. ఏల వచ్చెనో శోధించుటకు ఏండ్లతరబడి రోగుల వివరములు వ్రాసియుంచువారు, రక్తము పరీక్షించువారు, వారికి జీతములు కావలెను. మన దాతలు విద్యార్థివసతిగృహములకు గదులు కట్టించి ఫలకములు పెట్టించుకొనిరి. అందుకు మేము కృతజ్ఞులము. రాబోవు సంవత్సరమున ఒక గదికగు ధనముతో, హృద్రోగపరిశోధనము చేయగోరు మన బాలునకో బాలికకో మూడేండ్ల వేతన మేర్పఱుపవలసినదని సభవారిని కోరుచున్నాము. దానికి ఫలక ముండదు.