లపుటా

1726లో 'గలివర్స్ ట్రావెల్స్' రాసిన జొనాథన్ స్విఫ్ట్ అయస్కాంతంతో ఎగిరే ఒక దీవికి పెట్టిన పేరు లపుటా. ఎదురుతిరిగిన ఊళ్లకు ఎండావానా అందకుండా ఆ దీవి నెత్తిన నిలబడేది. 1986లో హయావో మియజాకి తన సినిమాలోని ఆకాశకోటకు ఆ పేరే పెట్టుకున్నారు. జిబ్లీ స్టూడియో తొలి సినిమా అది. స్విఫ్ట్ రాసింది కల్పన, మా నాన్న చూసిందే అసలు లపుటా అంటాడు అందులో గనుల ఊరి కుర్రాడు పాజు. ఎంత అందమైన దబాయింపు! స్పానిష్‌లో ఈ శబ్దం బూతు కాబట్టి స్పెయిన్‌లో సినిమా పేరులోంచి తీసేశారు.

నాకు మాత్రం లపుటా అనగానే అందులోని షీతా అనే పిల్ల మెడలోని రాయి వెలుగుతుంది. ఆకాశంలోంచి మెల్లగా దిగుతున్న ఆ పిల్లను పాజు రెండు చేతులా అందుకుంటాడు. మనుషులు వదిలేసిన కోటలో పిట్టగూడును కాపాడే రోబో కోసమైనా ఈ సినిమా చూడండి.