నలుపు తెలుపుల్లో నిజమెంత? అప్పటికప్పుడు తీసిన ఛాయాచిత్రాల చరిత్ర

ఛాయాచిత్రం అబద్ధమాడదని లోకంలో ఒక నమ్మకం ఉంది. తమిళనాడు, కర్ణాటక, ఒడిశా, మహారాష్ట్రలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల చరిత్ర రాయబూనే విద్యార్థికి ఇంటి గోడమీది పాత ఫొటోలు విలువైన ఆధారాలు. అయితే వాటిని చదవాలంటే రెండు సంగతులు తెలియాలి. మనిషికి చెప్పకుండా ఫొటో తీయడం ఎప్పటినుంచి సాధ్యమైంది? రంగుల లోకం నలుపు తెలుపులుగా ఎలా మారింది?

పంతొమ్మిదో శతాబ్దపు చిత్రాలు ఎక్కువగా కుదురుగా కూర్చోబెట్టి తీసినవే. నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్ దయాళ్ (1844-1905) హైదరాబాదులో 1892లో స్త్రీలకు ప్రత్యేకంగా జనానా స్టూడియో నెలకొల్పాడు. ఆ కాలపు బొమ్మల్లో ముఖాలు బిగుసుకుని ఉండడానికి కారణం స్వభావం కాదు. కెమెరా ముందు కదలకుండా ఉండవలసి రావడమే.

ఈ స్థితిని 1924లో ఎర్మనాక్స్, 1925లో లైకా మార్చివేశాయి. ఎర్మనాక్స్ కటకం ఎక్కువ వెలుతురును లోనికి రానిచ్చేది. లైకా 35 మిల్లీమీటర్ల ఫిల్ముతో వరుసగా 36 చిత్రాలు తీసేది. జర్మనీకి చెందిన ఎరిక్ సాలమన్ 1928లో ఎర్మనాక్స్‌ను టోపీలో దాచి న్యాయస్థానంలో ఫొటోలు తీశాడు. ఫ్రెంచివాడైన ఆంరీ కార్తియే బ్రెసాఁ 1948 జనవరి 30న గాంధీజీని కలుసుకున్నాడు. కొద్దిసేపటికే ఆయన హత్య జరిగింది. ఆ రాత్రి బిర్లా భవనం గేటు దగ్గర నెహ్రూ ఆ వార్త చెబుతున్న దృశ్యాన్ని కార్తియే బ్రెసాఁ చిత్రించాడు. మసక వెలుతురులో తీసిన ఆ బొమ్మ అంత స్పష్టంగా లేకపోయినా చరిత్రలో నిలిచిపోయింది.

1936 నాటికే 35 మిల్లీమీటర్ల రంగుల ఫిల్ము వచ్చినా, దానికి వెలుతురు చాలా కావలసి వచ్చేది. పత్రికల్లో రంగుల ముద్రణ ఖరీదైనది. అందుచేత ఇటువంటి చిత్రాలు చాలాకాలం నలుపు తెలుపుల్లోనే సాగాయి.

ఇక రంగుల మాట. తొలినాటి ప్లేట్లకు నీలం తప్ప తక్కిన రంగులు దాదాపు కనిపించేవి కావు. 1873లో వోగెల్ అద్దకపు రసాయనాలతో ఆకుపచ్చను కూడా పట్టే మార్గం కనిపెట్టాడు. ఎరుపును సైతం గ్రహించే పాంక్రోమాటిక్ ప్లేట్లు 1906లో అమ్మకానికి వచ్చాయి. ఆ తరువాత కూడా పాతరకం ఫిల్ము చాలాకాలం వాడుకలో ఉంది. దాని ఫలితం మన ఫొటోల్లో కనిపిస్తుంది. ఎర్రటి కుంకుమబొట్టు నల్లచుక్క అవుతుంది. నీలిచీర తెల్లబారుతుంది. చామనచాయ మనిషి ఉన్నదానికంటె నల్లగా కనిపిస్తాడు. కనుక పాత ఫొటో చూసి మన ముత్తవ్వ నల్లచీర కట్టిందనీ, నల్లబొట్టు పెట్టిందనీ రాయడం తొందరపాటు.

నేటి డిజిటల్ ఫొటోను నలుపు తెలుపులోకి మార్చినప్పుడూ ఇదే సమస్య. వాడుకలో ఉన్న ఒక లెక్క ప్రకారం బూడిదరంగులో ఎరుపుకు సుమారు 30 పాళ్ళు, ఆకుపచ్చకు 59, నీలానికి 11 పాళ్ళు విలువ ఇస్తారు. ఈ లెక్కలో నిండు ఎరుపూ, ముదురు ఆకుపచ్చా దాదాపు ఒకే బూడిదగా తేలవచ్చు. అంటే ఎర్రచీర పచ్చఅంచు మాయమవుతుంది. పాళ్ళు మారిస్తే అంచు తిరిగి కనిపిస్తుంది. ఏది కనిపించాలో నిర్ణయించేది మార్చేవాడే.

ఇది కళాకారుడికి స్వేచ్ఛ, చరిత్రకారుడికి హెచ్చరిక. మీ ఊరి జాతరలోనో, మగ్గాల వీధిలోనో అప్పటికప్పుడు తీసిన చిత్రాన్ని నలుపు తెలుపుగా మార్చుకోండి, తప్పులేదు. కాని రంగుల మూలప్రతిని చెరపవద్దు. చెరిపితే ఏ చీర ఏ రంగో మళ్ళీ తెలుసుకునే దారి ఉండదు. తేదీ, ఊరు, సందర్భం రాసి ఉంచండి. చెప్పకుండా తీసిన ఫొటోను ప్రచురించే ముందు అందులోని వారికి చూపి అనుమతి పొందండి. చూపినప్పుడు వారు చెప్పే పేర్లూ, చుట్టరికాలూ ఫొటోలో లేని చరిత్ర. దాన్ని కూడా రాసుకోవాలని మా మనవి.