మామూలు రీలుకు దక్కిన ఇజ్జత్

1972లో స్టీఫెన్ షోర్ అనే న్యూయార్క్ నౌజవాన్ అమెరికా సడకుల మీద సఫర్‌కు బయల్దేరాడు. అప్పటికి అతని ఉమర్ 24 ఏళ్లు. జేబులో పట్టేంత రోలీ 35 కెమెరా, దాంట్లోకి కొడాకలర్ రీళ్లు. మోటెల్ గదులు, తిని వదిలేసిన ప్లేట్లు, పెట్రోల్ బంకులు, చౌరస్తాలు... దారిలో నజర్‌కు వచ్చినవన్నీ తీశాడు. మామూలు గిరాకీల్లాగే రీళ్లను కొడాక్ ల్యాబ్‌కు ఇచ్చి కడిగించాడు. "అమెరికన్ సర్ఫేసెస్" అని పేరు పెట్టిన ఆ తస్వీర్లను అదే ఏడాది న్యూయార్క్‌లోని లైట్ గ్యాలరీలో, ఫ్రేముల్లేకుండా గోడకు అంటించి చూపించాడు.

ఇందులో కమాల్ ఏముంది అనుకోవచ్చు. ఆ జమానాలో కళ అంటే బ్లాక్ అండ్ వైట్ ఫొటోయే. రంగులు ఇష్తెహార్లకు, ఇంటి ఆల్బమ్‌లకు. వాకర్ ఎవాన్స్ లాంటి ఉస్తాద్ కూడా 1969లో కలర్ ఫొటోగ్రఫీని వల్గర్ అనేశాడు. అందులోనూ నెగటివ్ రీలు మరీ చిన్నచూపుకు గురైంది. 1942లో కొడాకలర్ పేరుతో బజారుకొచ్చిన నాటి నుంచి అది ఖాందాన్ల రీలు. తర్వాత మన ఇళ్లల్లో షాదీలు, అఖీకాలు తీసింది కూడా ఆ జాతి రీళ్ల మీదే.

సడక్ తీయడానికి ఆ రీలులో ఒక ఖూబీ ఉంది. మిట్టమధ్యాహ్నం ఎండలో తెల్ల గోడ, నల్ల తారు, చెట్టు కింది నీడ ఒకే ఫ్రేములోకి వస్తాయి. స్లైడ్ ఫిల్మ్ మీద వెలుతురు కొంచెం ఎక్కువైతే చాలు, తెల్ల గోడ ఖాళీ అయిపోతుంది. నెగటివ్ మాత్రం రెట్టింపు వెలుతురునూ బర్దాష్ చేసుకుంటుంది. దాని మీద రంగులు ఉల్టాగా పడతాయి. పైన కనిపించే నారింజ ఛాయ ఉత్తి మరక కాదు. ఫిల్మ్ రంగుల్లోని కొరతను ప్రింట్‌లో సరిచేసే పరదా అది.

1973లో షోర్ పెద్ద కెమెరాకు మారాడు. ముందు 4×5, తర్వాత 8×10 అంగుళాల నెగటివ్. ట్రైపాడ్ మీద నిలబెట్టి, నల్ల గుడ్డ కప్పుకుని, అద్దం మీద తలకిందులుగా కనిపించే మంజర్‌ను చూసుకోవాలి. షీటు ధర ఎక్కువ కాబట్టి ఒక్కో మంజర్‌కు ఒక్క తస్వీరే తీయడం అలవాటు చేసుకున్నాడు. 1973 జూలైలో ఓరెగాన్‌లో 97వ నంబరు హైవే పక్కన తీసిన దాంట్లో ఒక పెద్ద బోర్డు, బోర్డు మీద మంచుకొండ బొమ్మ, దాని వెనకాల అసలు ఆకాశం, అసలు మబ్బులు. 1975 జూన్‌లో లాస్ ఏంజెలెస్ బెవర్లీ బులవార్డ్ చౌరస్తాలో తీసిన దాంట్లో షెవ్రాన్ బంకు, కార్లు, బోర్డులు, స్తంభాలు. ఇలాంటివే 1982లో "అన్‌కామన్ ప్లేసెస్" అనే కితాబ్ అయ్యాయి. బ్రిటన్‌లో పాల్ గ్రాహం కూడా లండన్ నుంచి ఎడిన్‌బరోకు పోయే ఏ1 సడక్ పొడవునా తిరిగి, దారిలోని కేఫులను, మనుషులను రంగుల్లో తీసి 1983లో కితాబ్ వేశాడు.

నాడు ఎవరూ ఆగి చూడని బంకులు, బోర్డులు ఇవాళ చరిత్రకు గవాహీ ఇస్తున్నాయి. మన అల్మారాల్లో, షాదీ ఆల్బమ్‌ల వెనక కవర్లలో ఉన్న నెగటివ్ పట్టీలూ అంతే. ప్రింట్లు వెలిసిపోయినా నెగటివ్ బాగుంటే మళ్లీ తీయించుకోవచ్చు. కాబట్టి పారేయకండి. చెమ్మ తగలని చోట, చల్లగా, చీకట్లో పెట్టండి. వీలైతే స్కాన్ చేయించండి. చూసేటప్పుడు దుల్హా దుల్హన్‌ల వెనకాల కూడా నజర్ వేయండి. అక్కడ మీ పాత గల్లీ ఉంటుంది, మూతపడిన దుకాణం ఉంటుంది, వెడల్పు కాకముందటి సడక్ ఉంటుంది. వాటి పేర్లు చెప్పగలిగిన బుజుర్గులు ఉన్నప్పుడే అడిగి రాసి పెట్టుకోండి.