జంగల్ హిసాబ్: 147 టన్నులు, 645 డాలర్లు

1997 క్యోటో ఒప్పందం తర్వాత పొగ కూడా బజార్ సరుకైంది. ఆ బజార్ మన ఆదిలాబాద్ దాకా వచ్చింది. 2003లో ప్రపంచ బ్యాంకు వాషింగ్టన్‌లో ఒక జల్సా పెట్టుకుంది. దానికోసం జరిగిన ప్రయాణాల పొగకు బదులుగా పవర్‌గూడ ఆదివాసీ ఆడవాళ్ల దగ్గర 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ ‘కొన్నది’. ఖీమత్ 645 డాలర్లు. టన్నుకు నాలుగున్నర డాలర్లు కూడా పడలేదు. ఆ ఆడవాళ్లు అప్పట్లో కానుగ గింజల నుంచి నూనె తీసేవాళ్లు. అది డీజిల్ బదులు పనికొస్తుంది. అలా తగ్గే పొగకే ఈ సౌదా. వాళ్ల మెహనత్‌ను నేను తక్కువ చేయను. పైసలు వాళ్ల చేతికే వచ్చాయి, అదీ చెప్పాలి. నా ఫికర్ వేరే. ఆ గాలికి కాంటా పెట్టిందెవరు, ధర కట్టిందెవరు?

జోడేఘాట్ కూడా అప్పట్లో ఆ జిల్లాలోదే. నిజాం సర్కార్ జంగ్లాత్ మహకమా రిజర్వు హద్దులు గీసి, పోడు కొట్టుకునే గోండుల్ని తమ జమీన్‌లోనే ముజ్రిములను చేసింది. 1940లో కొమురం భీం పోలీసు తుపాకులకు షహీద్ అయ్యాడు. ‘జల్, జంగల్, జమీన్’ ఆయన నారా అంటారు. అందులో జంగల్, జమీన్ మన ఇళ్లల్లో రోజూ వినబడే మాటలే. నిజాం జమానా అంటే మనకు ఉస్మానియా దవాఖానా, యూనివర్సిటీ యాదికొస్తాయి గానీ జంగ్లాత్ చౌకీదారు యాదికి రాడు. ఇన్సాఫ్‌గా చూస్తే ఆ సఫా కూడా మన తారీఖ్‌లోదే. ఆ తర్వాత అదే సర్కార్ హైమండార్ఫ్‌ను పంపింది. మార్లవాయిలో మదర్సా తెరిచారు, గోండులకు పట్టాలిచ్చారు. అంటే జులుం జరిగిందని సర్కారే ఒప్పుకున్నట్టు.

అప్పుడు జంగల్ ఖీమత్ టేకు దుంగల్లో ఉండేది. 2008లో సుప్రీంకోర్టు హెక్టారు అడవికి రకాన్ని బట్టి 4.38 లక్షల నుంచి 10.43 లక్షల రూపాయల దాకా ‘నికర ప్రస్తుత విలువ’ ఖరారు చేసింది. గనికో, డ్యాముకో అడవి తీసుకునేవాళ్లు కట్టాల్సిన రకం అది. చెట్లు పీల్చుకునే కార్బన్ కూడా ఆ లెక్కలో ఉంది. 2016 చట్టం ప్రకారం ఆ సొమ్ము కాంపా ఖజానాకు పోతుంది, ఖర్చు పెట్టేది అటవీ శాఖ. ఆ అడవిలో పుట్టి పెరిగినోడి పేర రసీదు ఉండదు. అమానత్ పెట్టుకున్నవాడు మాలిక్ ఇజాజత్ లేకుండా దాన్ని అమ్మకూడదని మన పిల్లలకూ తెలుసు. ఇక్కడ మాలిక్ ఎవరో ముందు తేలాలి కదా.

అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. అందులో తునికాకు ఉంది, వెదురు ఉంది, తేనె ఉంది. కార్బన్ అనే లఫ్జ్ లేదు.