రా ఈజ్ వార్ (1999 జనవరి 4)

'రా ఈజ్ వార్' అమెరికాకు చెందిన వరల్డ్ రెజ్లింగ్ ఫెడరేషన్ (డబ్ల్యూ.డబ్ల్యూ.ఎఫ్.) వారి టెలివిజన్ కుస్తీ కార్యక్రమముగా ఉండేది. 1999 జనవరి 4న ప్రసారమైన భాగము అందులో మిక్కిలి ప్రసిద్ధి చెందినది. మాన్‌కైండ్ అను పేరుతో పోటీపడే మిక్ ఫోలీ ఇందులో ది రాక్‌ను ఓడించి, తొలిసారిగా సంస్థ అత్యున్నత పట్టమును గెలుచుకున్నాడు.

నేపథ్యము

ఆ కాలమున ప్రతి సోమవారము రాత్రి 'రా', ప్రత్యర్థి సంస్థ డబ్ల్యూ.సి.డబ్ల్యూ. వారి 'నైట్రో' ఒకే సమయమున ప్రసారమయ్యేవి. ఆనాటి నైట్రో అట్లాంటా నుండి ప్రత్యక్ష ప్రసారము కాగా, రా భాగము 1998 డిసెంబరు 29ననే మసాచుసెట్స్ రాష్ట్రములోని వూస్టర్ నగరములో చిత్రీకరింపబడినది.

పోటీ

ఇది అనర్హత నియమము లేని పోటీ. రాక్ పక్షమున కార్పొరేషన్, మాన్‌కైండ్ పక్షమున డి-జనరేషన్ ఎక్స్ బృందములు నిలిచాయి. ఇరుపక్షములు కలహించుచుండగా స్టోన్ కోల్డ్ స్టీవ్ ఆస్టిన్ ప్రవేశించి రాక్‌ను కుర్చీతో కొట్టాడు. పడిపోయిన రాక్ మీదికి మాన్‌కైండ్‌ను లాగగా, మూడు లెక్కించుటతో పోటీ ముగిసినది. వృత్తి కుస్తీలో ఫలితములు ముందే నిర్ణయింపబడినను దెబ్బలు మాత్రము నిజమైనవి. ఏళ్ళ తరబడి అట్టి దెబ్బలు తిన్న ఫోలీకి ఈ పట్టము ఆలస్యముగా దక్కిన గుర్తింపు.

ప్రభావము

రా ప్రసారము ముగియకముందే నైట్రో వ్యాఖ్యాత టోనీ షియావోన్, తన పై అధికారి ఎరిక్ బిషాఫ్ ఆదేశము మేరకు, ఫోలీ గెలుపును వెల్లడించి, దానితో ప్రేక్షకశాల నిండునా అన్నట్లు ఎద్దేవా చేశాడు. అది బెడిసికొట్టినది. ఆ గెలుపును చూచుటకు ఎందరో నైట్రోను వదలి రాకు మారారు. ఆ రాత్రి రేటింగులు రాకు 5.7, నైట్రోకు 5.0. ఫోలీ కొరకే ఈ కుర్చీలో కూర్చున్నామని వ్రాసిన అట్టలను అభిమానులు తరువాతి ప్రదర్శనలకు తెచ్చారు. 2001 మార్చిలో డబ్ల్యూ.సి.డబ్ల్యూ.ను డబ్ల్యూ.డబ్ల్యూ.ఎఫ్. కొనుగోలు చేయుటతో ఈ సోమవారపు పోటీ ముగిసినది.