భీవండి తెలుగిళ్లలో చాక్లెట్ మఫిన్: వేడి చరిత్ర

మహారాష్ట్రలోని ఠాణే జిల్లాలో, ముంబయికి ఈశాన్యంగా కామ్వారీ నది ఒడ్డున ఉన్న భీవండి పట్టణం పేరు వినగానే మరమగ్గాలు, వాటిని నడిపిన వలస నేతన్నలు గుర్తుకు వస్తారు. మగ్గాన్ని నడిపిన కరెంటే ఆ నేతన్నల వంటిళ్లలో రొట్టె కాల్చే పద్ధతిని కూడా మార్చిందన్న సంగతి మాత్రం ఆ చరిత్రలో అంతగా కనిపించదు. చాక్లెట్ మఫిన్ వంటి పరాయి తినుబండారం ఈ ఊరి ఇంటి వంటగా మారిన క్రమాన్నీ, అది చెడిపోయినప్పుడు ఎందుకు చెడిపోతుందన్న విషయాన్నీ విడివిడిగా చూడలేం. ఎందుకంటే ఇంట్లో వేడి ఎక్కడి నుంచి వచ్చిందో, పిండి కలిపే చేతికి ముందునుంచి ఏ అలవాటు ఉందో ఆ రెండే మఫిన్ మంచిచెడ్డలను నిర్ణయించాయి.

మఫిన్ అంటే చిన్న గిన్నె పరిమాణంలో ఒక్కొక్కటిగా కాల్చే మెత్తని తీపి రొట్టె. ఇంగ్లండులో ఇదే పేరుతో ఉన్న రొట్టె ఈస్ట్‌తో పులిసేది, పెనం మీద కాలేది. ఇప్పుడు అందరికీ తెలిసిన మఫిన్ అమెరికా సంప్రదాయానికి చెందినది, పులియబెట్టే పని లేకుండా సోడాతో అప్పటికప్పుడు పొంగేది. కట్టెల బూడిద నుంచి తీసిన పెర్ల్ యాష్ అనే క్షారంతో పిండిని పొంగించే పద్ధతి 1796లో అచ్చయిన అమీలియా సిమన్స్ వంటల పుస్తకంలోనే కనిపిస్తుంది. 1843లో ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ బర్డ్ బేకింగ్ పౌడర్‌ను తయారుచేశాడు. అంతకు ముందే, 1828లో, హాలండుకు చెందిన వాన్ హౌటెన్ కుటుంబం కోకో గింజల నుంచి కొవ్వును పిండి తీసే యంత్రానికి హక్కులు పొందడంతో కోకో పొడి అందుబాటులోకి వచ్చింది. చాక్లెట్ మఫిన్‌కు ఆధారమైనవి బేకింగ్ పౌడర్, కోకో పొడి అనే ఈ రెండు ఆవిష్కరణలే.

భీవండిలో చేనేతను విస్తరింపజేసినవారు 1857 తిరుగుబాటు తర్వాతి కాలంలో ఉత్తర భారతం నుంచి తరలివచ్చిన మోమిన్ నేతగాళ్లు. 1930ల్లో మరమగ్గాలు రావడం మొదలై, స్వాతంత్ర్యానంతరం వాటి సంఖ్య వేగంగా పెరిగింది. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన బొంబాయి బట్టల మిల్లుల సమ్మె ఆ మిల్లులను కోలుకోకుండా చేయగా, ఆ ఉత్పత్తిలో పెద్ద భాగం భీవండి కార్ఖానాలకు మళ్లింది. తెలంగాణలోని కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి వచ్చిన పద్మశాలీలు ఇక్కడ కార్మికులుగా, తర్వాత కొందరు సాంచెల (మరమగ్గాల) యజమానులుగా స్థిరపడ్డారు. పద్మనగర్ పేట వారి పేరుతోనే ఏర్పడింది. తెలంగాణలోని నేత పట్టణం సిరిసిల్లకూ భీవండికీ మధ్య మనుషులూ మగ్గాలూ నేటికీ అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాయి.

ఈ వలసవారు వచ్చేనాటికి ఈ ప్రాంతంలో రొట్టె కాల్చడం ఇంటి పని కాదు, బేకరీ పని. ఇటుకలతో కట్టి కట్టెలతో వేడి చేసే బేకరీ పొయ్యిని భట్టీ అంటారు. లోపల నిప్పు వేసి గోడలు, కప్పు బాగా వేడెక్కిన తర్వాత బూడిద ఊడ్చి రొట్టెలు పెడితే, ఇటుకలు దాచుకున్న వేడి నాలుగు వైపుల నుంచీ సమంగా తగులుతుంది. పోర్చుగీసు ప్రభావంతో కొంకణ తీరంలో నాటుకున్న పావ్ రొట్టె, గుజరాత్ నుంచి వ్యాపించిన నాన్‌ఖటాయీ బిస్కెట్టు, ఇరానీ బేకరీల మావా కేకు ఈ పొయ్యిలోనే తయారయ్యేవి. కాగితపు గిన్నెలో కాల్చి, పాలకోవాతో, యాలకులతో పరిమళించే మావా కేకు ఆకారంలో మఫిన్‌కు దగ్గరి చుట్టం. దానికి పేరుపొందిన బి. మెర్వాన్ బేకరీ 1914లో బొంబాయి గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర మొదలైంది. కూలిపనికి వచ్చిన తెలుగు కామాటీలు స్థిరపడిన కామాటిపురాకు అది నడిచి వెళ్లేంత దూరమే. పండుగ రోజుల్లో నాన్‌ఖటాయీ పిండిని ఇంట్లో కలిపి, పళ్లేల్లో పేర్చి, పేటలోని భట్టీకి పంపి కాల్పించుకునే ఆచారం ముంబయి ప్రాంతపు ముస్లిం పేటల్లో ఉండేది. అంటే పిండి ఇంటిది, వేడి బేకరీది. రొట్టె సరిగా కాలే బాధ్యత భట్టీవాడిదే.

తెలంగాణ వంటింట్లో ఉడకబెట్టడం, వేయించడం, ఆవిరిపై వండడం ఉన్నాయి కానీ మూసిన పొయ్యిలో పొడి వేడితో కాల్చే పద్ధతి లేదు. దానికి దగ్గరగా వచ్చేది సర్వపిండి. బియ్యప్పిండిలో శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం వేసి కలిపి, మందపాటి గిన్నె లోపలి గోడలకు అద్ది, అక్కడక్కడ వేలితో చిల్లులు పెట్టి నూనె వేసి, మూతపెట్టి సన్నసెగ మీద ఉంచితే అడుగు కరకరలాడుతుంది, పైభాగం తన ఆవిరికే మగ్గుతుంది. మూసిన గిన్నెలో సెగను తగ్గించి, తొందరపడకుండా మూత తీయకుండా ఆగే ఈ ఓపికే, ఓవెన్ లేని ఇళ్లలో కేకు చేసే పద్ధతికి పనికొచ్చింది.

ఆ పద్ధతి దేశమంతటా ప్రచారంలోకి వచ్చిన కుక్కర్ కేకు. పాత ప్రెషర్ కుక్కర్‌లో రెండు గుప్పెళ్లు ఇసుకో రాళ్ల ఉప్పో పరిచి, దానిపై చిన్న స్టాండు పెట్టి, గాస్కెట్ రబ్బరు, విజిల్ తీసేసి మూతపెట్టి పది నిమిషాలు వేడి చేసిన తర్వాత పిండి గిన్నెలు లోపల పెడతారు. ఇసుక ఇక్కడ భట్టీ ఇటుకలు చేసే పనే చేస్తుంది: మంట సెగను తాను తీసుకుని నెమ్మదిగా విడుస్తుంది. అయితే వేడి అంతా కింది నుంచే రావడం వల్ల అడుగు మాడి, పైభాగం రంగు తేలకుండా పచ్చిగా మిగులుతుంది. మూతకు పట్టిన ఆవిరి చుక్కలుగా రాలి పైపొరను జిగటగా చేస్తుంది. గిన్నెకూ స్టాండుకూ మధ్య మరో పళ్లెం పెట్టడం, మంటను సిమ్‌లోనే ఉంచడం, మూతకు లోపలి వైపు గుడ్డ కట్టడం వీటికి విరుగుడు. పెద్ద కేకు కంటే చిన్న గిన్నెల్లో పోసిన మఫిన్ ఈ అవస్థలను బాగా తట్టుకుంటుంది; మధ్యభాగం అంచుకు దగ్గరగా ఉండటంతో అడుగు మాడే లోపే లోపల ఉడుకుతుంది.

విద్యుత్ ఓవెన్ రావాలంటే ముందు కరెంటు నిలకడగా ఉండాలి. భీవండిలో అది చాలాకాలం లేదు. 2000ల తొలి సంవత్సరాల్లో ఇక్కడి పంపిణీ, వసూళ్ల నష్టాలు సరఫరాలో సగానికి మించాయి. ట్రాన్స్‌ఫార్మర్లు తరచూ కాలిపోయేవి, గంటల తరబడి కోతలు ఉండేవి, వోల్టేజీ పడిపోయేది. 2007 జనవరిలో రాష్ట్ర విద్యుత్ పంపిణీ సంస్థ ఈ పట్టణ పంపిణీ బాధ్యతను టోరెంట్ పవర్‌కు ఫ్రాంచైజీగా అప్పగించింది. ఆస్తి ప్రభుత్వ సంస్థదిగానే ఉండి, పంపిణీ, బిల్లింగు ప్రైవేటు సంస్థ చేతికి వెళ్లే ఈ ఏర్పాటు దేశంలో తొలి ప్రయోగంగా పేరు పొందింది. ఆ తర్వాత నష్టాలు బాగా తగ్గాయి.

వోల్టేజీకీ మఫిన్‌కూ ఉన్న సంబంధం లెక్కలో స్పష్టంగా కనిపిస్తుంది. ఒక మరమగ్గం మోటారు సామర్థ్యం దాదాపు ఒక హార్స్‌పవర్, అంటే సుమారు 746 వాట్లు. ఇంట్లో వాడే 1500 వాట్ల చిన్న ఓవెన్ రెండు మగ్గాలంత కరెంటు తీసుకుంటుంది. వేడి తీగ ఇచ్చే శక్తి వోల్టేజీ వర్గాన్ని అనుసరించి మారుతుంది కాబట్టి, 230 వోల్టులు 180కి పడితే అదే ఓవెన్ సుమారు 920 వాట్ల వేడే ఇస్తుంది. అప్పుడు 180 డిగ్రీల సెల్సియస్ అని మీట తిప్పినా లోపల ఆ వేడి త్వరగా చేరదు. సోడా పుట్టించిన బుడగలు పిండి గట్టిపడే లోపే తేలిపోయి, మఫిన్ మధ్యలో కుంగిపోతుంది. ఓవెన్‌ను పావుగంటకు తగ్గకుండా ముందుగా వేడిచేయడం, లోపల చిన్న ఉష్ణమాపకం పెట్టి చూడటం, మొదటి పదిహేను నిమిషాలు తలుపు తీయకపోవడం దీనికి నివారణలు. మధ్యలో గుచ్చిన పుల్లకు పచ్చిపిండి అంటకుండా ఒకటి రెండు తడి పలుకులు మాత్రమే అంటితే మఫిన్ అయినట్టు. పుల్ల పూర్తిగా పొడిగా వచ్చేదాకా ఉంచితే చాక్లెట్ మఫిన్ ఎండిపోతుంది.

వేడి కంటే చిక్కైనది చేతి అలవాటు. తెలుగు వంటింట్లో మంచి పిండి అంటే బాగా గిలక్కొట్టిన పిండి. గారెల పిండిలో ఎంత గాలి చేరితే గారె అంత గుల్లగా వస్తుంది. మినుముల్లో, బియ్యంలో గ్లూటెన్ ఉండదు కనుక ఎంత కలిపినా నష్టం లేదు. గోధుమ నుంచి వచ్చే మైదాలో మాత్రం తడి తగలగానే గ్లూటెన్ అనే సాగే మాంసకృత్తుల అల్లిక ఏర్పడి, కలిపేకొద్దీ బిగుస్తుంది. దాంతో మఫిన్ పైభాగం శిఖరంలా లేచి, లోపల నిలువు సొరంగాలు పడి, నములుతుంటే రబ్బరులా సాగుతుంది. అందుకే పొడి పదార్థాలు ఒకచోట, పెరుగు, నూనె, చక్కెర, గుడ్లు వేరొకచోట కలుపుకుని, చివర రెంటినీ పదిపన్నెండు గరిటె తిప్పుల్లో మాత్రమే కలిపి, అక్కడక్కడ ఉండలున్నా వదిలేయాలి. గారెలకు నేర్చిన నైపుణ్యమే ఇక్కడ దోషానికి కారణమవుతుంది. దోసెలకు నేర్చిన జారుడు అంచనా మాత్రం ఉపకరిస్తుంది, మఫిన్ పిండి దోసెల పిండి కంటే చిక్కగా, గరిటె నుంచి ముద్దలుగా జారేలా ఉండాలి.

చాక్లెట్ విషయంలో భీవండి ఒక విచిత్రమైన స్థానంలో ఉంది. 1948లో భారతదేశంలో వ్యాపారం మొదలుపెట్టిన క్యాడ్‌బరీ 1960ల్లో పక్కనే ఉన్న ఠాణేలో కర్మాగారం నెలకొల్పింది. ఆ కూడలిని ప్రజలు నేటికీ క్యాడ్‌బరీ జంక్షన్ అంటారు. మరోవైపు కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల్లో అంతరపంటగా కోకో పండించే పశ్చిమ గోదావరి, ఏలూరు ప్రాంతాల వల్ల కోకో ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. చాక్లెట్, కోకో ఇంత దగ్గరగా ఉన్నా, ఇంటి వంటలో తరచూ జరిగే పొరపాటు, చక్కెర కలిపిన తాగే చాక్లెట్ పొడిని కోకో పొడిగా వాడటం. దాంతో తీపి పెరిగి రంగు, రుచి తగ్గుతాయి. అసలు కోకోలోనూ రెండు రకాలున్నాయి: సహజమైనది పుల్లగా ఉండి సోడాతో కలిసి పొంగుతుంది, క్షారంతో శుద్ధిచేసిన డచ్ రకం ముదురు రంగులో ఉండి, పులుపు పోయి, బేకింగ్ పౌడర్‌నో పెరుగు వంటి పుల్లని పదార్థాన్నో కోరుతుంది. డచ్ కోకోకు సోడా మాత్రమే వేస్తే పొంగు తక్కువై సబ్బు రుచి మిగులుతుంది. కప్పు పిండికి పావు చెంచా సోడా, తగినంత పుల్లని పెరుగు సరిపోతాయి. కొంకణ వానాకాలంలో కోకో గడ్డలు కట్టి, బేకింగ్ పౌడర్ తేమకు సత్తువ కోల్పోతుంది కనుక, కోకోను జల్లించుకోవడం, చిటికెడు పౌడర్‌ను వేడినీళ్లలో వేసి బుడగలు వస్తున్నాయో లేదో చూసుకోవడం అవసరం.

ఇటీవలి మలుపు గోదాములది. ముంబయి నగర పరిధికి బయట, నాసిక్ రహదారిని ఆనుకుని ఉండటం వల్ల మానకోలి, దాపోడా, అంజూర్ గ్రామాలు దేశంలోని పెద్ద గోదాముల కేంద్రాల్లో ఒకటయ్యాయి. ఆన్‌లైన్‌లో అమ్ముడయ్యే ఓవెన్లు, అచ్చులు, కోకో డబ్బాలు ఇలాంటి గోదాముల గుండానే సాగుతాయి. 2020 లాక్‌డౌన్‌లో దేశమంతటా ఇంటి బేకింగ్ పెరిగిన రోజుల్లోనే భీవండిలో సాంచెలు ఆగిపోయి వేలాది మంది కార్మికులు ఊళ్లకు మళ్లారు; ఓవెన్ ఉన్న ఇల్లూ, పని పోయిన ఇల్లూ ఒకే పట్టణంలో ఉన్న కాలమది. తక్కువ అమ్మకాలున్న ఇంటి తయారీదారుకు ఆహార భద్రతా సంస్థలో సాధారణ నమోదు సరిపోతుందన్న నిబంధన వల్ల, ఇంట్లో కాల్చి అమ్మే పని సొంత చిన్న వ్యాపారంగానూ మారగలిగింది.

ఈ మొత్తం క్రమంలో నేత, రొట్టె ఎదురెదురు దిక్కుల్లో నడిచాయి. ఒకప్పుడు నడిమింట్లో ఉన్న మగ్గం, కరెంటు రావడంతో కార్ఖానాలోకి వెళ్లింది. బేకరీలోనే ఉన్న పొయ్యి, అదే కరెంటు కాస్త కుదుటపడటంతో ఇంట్లోకి వచ్చింది. మొదటి మార్పు నేతన్న నైపుణ్యాన్ని యంత్రానికి అప్పగించి అతన్ని కూలీగా నిలబెట్టింది. రెండో మార్పు భట్టీవాడి నైపుణ్యాన్ని ఇల్లాలి చేతికి తెచ్చి, ఆ చేతి తప్పులనూ ఆమె ఖాతాలోనే వేసింది. కానీ కుంగిన మఫిన్‌లో పడిపోయిన వోల్టేజీ, సొరంగాలు పడిన మఫిన్‌లో గారెల పిండి అలవాటు ఉన్నాయని గుర్తిస్తే, ఆ తప్పుల్లో చాలా భాగం వండినవారివి కావని, వేరే పొయ్యికీ వేరే పిండికీ రాసిన కొలతలను ఈ ఊరికి సరిపెట్టుకునే శ్రమలో భాగమేనని ఒప్పుకోవాలి.