సమాధి బొమ్మ బేరం

అల్ ఖూజ్ అంటే దుబాయ్‌లో ఉండే మనవాళ్ళకి ముందు గుర్తొచ్చేవి గోడౌన్లు, గ్యారేజీలు, లేబర్ క్యాంపులు. 2008 నుంచి ఆ గోడౌన్ల మధ్యే ఆర్ట్ గ్యాలరీలు వెలిశాయి, అల్ సర్కాల్ ఎవెన్యూ పుణ్యమా అని. ఆ గాలికి పాత సామాన్లు అమ్మేవాళ్ళకీ కాస్త కళ వచ్చింది. కరీంనగర్ తమ్ముడొకడు అక్కడే ఓ గోడౌన్లో చైనా మట్టి ఒంటె ఒకటి చూసి నాకు ఫోన్ చేశాడు. "పన్నెండు వందల ఏండ్ల కిందటిదట అన్నా, సమాధిల దొరికిందట. పద్దెనిమిది వేల దిర్హాములకు ఇస్తడట. చిట్టి పైసలున్నయి, తీసుకోమంటవా?" సాఫ్ట్‌వేర్ వాడికి అన్నీ తెలుస్తాయని వాడి నమ్మకం. నాకు చైనా బొమ్మల పిచ్చి ఉందన్న సంగతి మటుకు వాడికి తెలుసు.

ఆ పిచ్చి కథే ఇది.

షాంగ్ రాజుల కాలంలో రాజు పోతే నిజం మనుషుల్నే చంపి పక్కన పూడ్చేవారు. తర్వాత్తర్వాత ఆ చోటికి బొమ్మలొచ్చాయి. మనిషి పోలికతో బొమ్మ చేసి పాతిపెట్టడం కూడా కన్‌ఫ్యూషియస్‌కి నచ్చలేదని మెన్షియస్ గ్రంథంలో ఉంది. ఆయన మాట ఎవరూ విన్నట్టు లేదు లెండి. 1974లో రైతులు బావి తవ్వుతుంటే బయటపడిన షియాన్ మట్టి సైన్యం సంగతి మీ అందరికీ తెలిసిందే.

మన తమ్ముడి ఒంటె తాంగ్ వంశం (618-907) నాటిదని దుకాణదారు మాట. ఆ కాలపు బొమ్మల మీద తేనె రంగు, ఆకుపచ్చ, మీగడ రంగు పూత కారి ఒకదాన్లో ఒకటి కలిసిపోయి ఉంటుంది. మనిషి బొమ్మలకి చాలాసార్లు మొహం మీద పూత ఉండదు, విడిగా రంగులు వేసేవారు. ఎవరి సమాధిలో ఎన్ని బొమ్మలు పెట్టొచ్చో సర్కారు లెక్క కట్టింది. మూడో హోదా, ఆపైన ఉన్న అధికారికి 90, అయిదో హోదా దాకా 60, తొమ్మిదో హోదా దాకా 40. చనిపోయాక కూడా గ్రేడ్ పే! శవం వెంట బండ్ల మీద ఊరేగించి, జనం చూశాక లోపల పెట్టి మూసేసేవారు. అంతే, మళ్ళీ ఎవరూ చూడకూడదు.

ఇక్కడో తేడా గమనించండి. గల్ఫ్‌కి చైనా మట్టి సామాను కొత్తేం కాదు. 1998లో ఇండోనేషియాలో బెలితుంగ్ దీవి దగ్గర దొరికిన అరబ్బు తరహా ఓడలో దాదాపు 60,000 చైనా సామాన్లున్నాయి. ఓ గిన్నె మీద 826 నాటి తేదీ కూడా ఉంది. అవి ఇటువైపు బజార్లలో అమ్మడానికి చేసినవి. అలాంటి గిన్నె మా రస్ అల్ ఖైమా ఇసకలో దొరికిందంటే దానికో న్యాయమైన దారి ఉంటుంది. సమాధి బొమ్మకి అది లేదు. అది బయట ఉందంటే ఎవరో సమాధి తెరిచారన్నమాట.

మరి ఎవరు తెరిచారు? ముందు రైలు తెరిచింది. 1905-09 మధ్య కైఫెంగ్ నుంచి లుయోయాంగ్‌కి రైలు దారి వేస్తూ మాంగ్ కొండలు తవ్వారు. ఆ కొండల నిండా సమాధులే. అంతకుముందు ఇలాంటివి బయటపడినా అపశకునమని ఎవరూ ఇంట్లో పెట్టుకునేవారు కాదు. మన పల్లెల్లో రాకాసి గుళ్ళ దగ్గరికి పొద్దుగూకితే ఎవరు వెళ్తారు? కడప జిల్లా శంఖవరంలో దొరికిన, జంతువు ఆకారంలో చేసిన మట్టి శవపేటిక మద్రాసు మ్యూజియంలో ఉంది గానీ, దాన్ని హాల్లో టీవీ పక్కన పెట్టుకుంటానంటే మా అమ్మ ఒప్పుకుంటుందా? విదేశీయులకి ఆ పట్టింపు లేదు. 1914కల్లా షికాగోలో బెర్తోల్డ్ లాఫర్ ఈ బొమ్మల మీద ఓ పుస్తకమే వేశాడు. డిమాండ్ పెరిగేసరికి రైలుతో పని లేకుండానే పారలు లేచాయి.

1989 డిసెంబర్లో లండన్‌లో ఓ తాంగ్ గుర్రం దాదాపు 37 లక్షల పౌండ్లకి పోయింది. అమ్మినవాళ్ళు ఎవరనుకున్నారు? బ్రిటిష్ రైల్వే ఉద్యోగుల పెన్షన్ ఫండ్! ద్రవ్యోల్బణం దెబ్బకి 1974 నుంచి కళాఖండాల మీద పెట్టుబడి పెట్టారు. రైలు తవ్విన వ్యాపారం రైలువాళ్ళకే పింఛనైంది.

దుకాణదారు ఓ ల్యాబ్ సర్టిఫికెట్ చూపించాడట. అది థర్మోల్యూమినిసెన్స్ పరీక్ష. మట్టిలోని స్ఫటికాలు చుట్టూ ఉన్న రేడియోధార్మికత నుంచి శక్తి కూడబెట్టుకుంటాయి. ఆవంలో కాలిస్తే ఆ ఖాతా సున్నా అవుతుంది, మళ్ళీ మొదట్నుంచి లెక్క. చిటికెడు పొడి తీసి వేడిచేస్తే వచ్చే వెలుగుని బట్టి ఎన్నాళ్ళ కిందట కాల్చారో చెప్తారు. మన భాషలో చివరి రీసెట్ టైంస్టాంప్. దీన్నీ మోసం చేస్తారు. పాత ఇటుక ముక్కలు అతికించి పొడి అక్కడే తీయిస్తారు, లేదా రేడియేషన్ కొట్టిస్తారు. లుయోయాంగ్ దగ్గర నాన్‌షీషాన్ అనే ఊరి నిండా నకళ్ళు చేసేవాళ్ళే. 1990ల్లో అక్కడి పనితనం చూసి బీజింగ్‌లోని పెద్ద మ్యూజియాలే అసలువనుకుని కొన్నాయి.

సరే, పరీక్ష నిజమే అనుకుందాం. అప్పుడది ఇంకా పెద్ద చిక్కు. బొమ్మ ఎప్పుడు కాలిందో తెలిసింది, నేలలోంచి ఎప్పుడు లేచిందో తెలీదు. టైంస్టాంప్ ఉంది, ఆడిట్ ట్రెయిల్ లేదు. నకిలీ అయితే పోయేది డబ్బే. అసలైతే అది దొంగసొత్తు కావచ్చు. చైనాలో 1930 నుంచే దీని మీద చట్టం ఉంది. 2009 జనవరిలో అమెరికా కూడా తాంగ్ కాలం దాకా ఉన్న చైనా వస్తువుల దిగుమతికి అడ్డుకట్ట వేసింది.

అందుకే తమ్ముడికి ఒకటే అడగమన్నాను, ఈ ఒంటె చైనా ఎప్పుడు దాటింది, కాగితం ఏది అని. "హాంకాంగ్‌ల ఎవరో పెద్దమనిషి కలెక్షన్ అట అన్నా," అన్నాడు. పెద్దమనిషి పేరు లేదు, సంవత్సరం లేదు. వద్దన్నాను. చిట్టి పైసలు ఊళ్ళో ఇంటి స్లాబుకి వెళ్ళాయి.

కాగితం గురించి ఇంత పట్టుదల దేనికంటారా? గుండ్లకమ్మ ఒడ్డున, దొనకొండ దగ్గర చందవరం ఉంది. 1970ల్లో అక్కడ బౌద్ధ స్తూపం తవ్వారు. అక్కణ్ణుంచి దొంగల పాలైన, బుద్ధుణ్ణి కొలిచే భక్తుల శిల్పాన్ని 2005లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ న్యూయార్క్ వ్యాపారి నాన్సీ వీనర్ దగ్గర 5,95,000 డాలర్లకి కొంది. పాత యజమానుల చరిత్ర అంటూ చూపించిన కాగితాలు తర్వాత నిలబడలేదు. 2016లో శిల్పాన్ని భారతదేశానికి తిరిగి ఇచ్చేశారు. 2021లో వీనర్ న్యూయార్క్ కోర్టులో తన దొంగ సరుకు వ్యాపారాన్ని ఒప్పుకుంది. మన శిల్పం ఇంటిదారి పట్టడానికి పదకొండేళ్ళు పట్టింది.